చూశాను అక్కా

విష్ణువర్ధన్ అనే మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేయాలని ఎనిమిది నెలలు కాచుకుని కూర్చున్నాను. కోపంలో నోరు జారి చేసిన పని కాదది. కొలత తీసి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర వేసి కుట్టిన పని. పాపం కదా మహేశ్వరీ, అని ఎవరైనా అంటే వాళ్లను కూడా కూర్చోబెట్టి మొదటి నుంచి చెబుతాను.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో నాకు జాకెట్లు కుట్టే అంగడి ఉంది. డిగ్రీ రెండో ఏట చదువు ఆగింది గానీ చదివే అలవాటు ఆగలేదు. మా ఆయన తిప్పేష్ షేర్ ఆటో నడుపుతాడు. కరోనా ఏడాది పెళ్లిళ్లు ఆగిపోయి, మిషన్ మీద గుడ్డ కప్పి కూర్చున్న రోజుల్లో నాకు సినిమాల పిచ్చి పట్టింది. హీరోలు గాల్లో ఎగిరే సినిమాలు కావు. ఎవరికీ తెలియనివి, ఎవరూ అడగనివి, తీసినవాళ్లే తమ చుట్టాలకు చూపించుకునేవి.

మొదటిది అనుకోకుండా దొరికింది. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ల మీద ఒక కాలేజీ పిల్ల తీసిన డాక్యుమెంటరీ. దాని కింద నూట పన్నెండు మంది చూశారని ఉంది. నేను నూట పదమూడోదాన్ని. అంత మంచి సినిమాను దేశం మొత్తం మీద ఒక పెళ్లి పందిట్లో పట్టేంత మంది కూడా చూడలేదని నాకు ఒళ్లు మండింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూద్దామని వెతకడం మొదలుపెట్టాను.

వెతకడం తెలిస్తే అవి దొరుకుతూనే ఉంటాయి. ఎక్కడో చిన్న ఊళ్లో జరిగిన ఫిల్మ్ ఫెస్టివల్ జాబితా పట్టుకుని, అందులో బహుమతి రాని వాటి పేర్లు రాసుకునేదాన్ని. బహుమతి వచ్చినవాటిని ఎవరో ఒకరు చూస్తారు కదా. కొన్నిటికి లింకు ఉండదు. తీసినవాళ్లకే నా వచ్చీరాని ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే పాస్‌వర్డ్ పంపేవాళ్లు. మంచు కురిసే దేశం నుంచి ఒకావిడ, మీ ఊళ్లో వాన ఎప్పుడు పడుతుందని అడిగింది. మాకూ తెలియదని రాశాను. ఇద్దరు అక్కచెల్లెళ్లు సొంత ఇంట్లో తీసిన దయ్యం సినిమా చూశాను. అందులో దయ్యం కనిపించదు, మూసిన తలుపులే కనిపిస్తాయి. లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లివారి కథ చూసి, కాజాలు కుడుతూ కుడుతూ పొర్లి పొర్లి నవ్వాను. బొమ్మలు గీసి కదిలించిన మేక కథ, ఉత్తరాలు పంచే మనిషి హంతకుణ్ణి పట్టుకునే కథ, రెండు గంటల సేపు ఒకే రైలు కిటికీని చూపించే సినిమా, ఇలా రకానికొకటి. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా ఎండకు సందులో కుక్క కూడా తిరగదు. ఆ మూడు గంటలూ నావి. ఫోన్ను దారపు ఉండల డబ్బాకు ఆనించి, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను ఆపి ఆపి చదువుకుంటూ చూసేదాన్ని.

ఫోన్లో సినిమా ఇష్టపడేవాళ్ల గ్రూపు ఒకటి ఉందని తెలిసి అందులో చేరాను. అందరూ పేజీలకు పేజీలు రాసేవాళ్లు. నా చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి నేను వాయిస్ మెసేజ్ పెట్టాను. వెనక మిషన్ చప్పుడు కూడా వెళ్లింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క విష్ణువర్ధన్ మాత్రం విడిగా పలకరించాడు. మీరు చూసే పద్ధతి ఎవరికీ లేదు, ఇకమీదట నాకే పంపండి అక్కా, అన్నాడు. వాళ్లది గార్లదిన్నె. నాలుగేళ్ల వయసులో హైదరాబాదు తీసుకుపోతే అక్కడే పెరిగాడు. ఫోన్లో మాత్రం తానొక కరువు నేల బిడ్డనని పదే పదే చెప్పుకునేవాడు.

మూడేళ్లు పంపాను. నాకు తెలిసిన భాష నా పని భాషే కాబట్టి అందులోనే చెప్పేదాన్ని. ఈ సినిమాకు మెడ బాగా తీశారు గానీ చంక పట్టేసింది, లోపలి మనిషి చెయ్యెత్తలేకపోతున్నాడు, అనేదాన్ని. దీనికి లోపల గుడ్డ వదల్లేదు, రేపు మనిషి కాస్త ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయడానికి లేదు, అనేదాన్ని. మరుసటి రోజు పొద్దున అతని జవాబు వచ్చేది. "చూశాను అక్కా. మీరు చెప్పింది అక్షరాలా నిజం." ఆ ఒక్క ముక్క కోసం నేను పండగ ఆర్డర్ల కంటే ఎక్కువగా ఎదురుచూసేదాన్ని. మా తిప్పేష్ మంచివాడే గానీ సినిమా మొదలైన పది నిమిషాలకు గురక పెడతాడు. నేను చూసింది ఇంకొక మనిషి కూడా చూశాడు అనే తృప్తి నాకు ఆ జవాబులోనే ఉండేది.

రిటైరైన లెక్చరర్ విజయభాస్కర్ గారి భార్య హేమలతమ్మ నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఒకరోజు హుక్కులు కుట్టేదాకా కూర్చుంటానని, ఫోన్లో ఏదో పత్రిక తెరిచి, ఎవరో నీ పని మాటలతోనే సినిమా గురించి రాసినాడు చూడు, అని పైకి చదివింది. మెడ బాగా తీశారు గానీ చంక పట్టేసింది, అని చదివింది. విప్పి వదులు చేయడానికి లేదు, అని చదివింది. కింద విష్ణువర్ధన్ పేరు ఉంది. అలాంటివి అప్పటికే ఇరవై వచ్చాయట. తెలుగు సినిమా విమర్శకు శ్రమజీవుల పరిభాష తెచ్చిన మొదటి వ్యక్తి అని ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడట. ఆవిడ వెళ్లాక చూసుకుంటే హుక్కులన్నీ అవతలి పక్క కుట్టి ఉన్నాను.

అప్పటికీ అతనికి ఒక అవకాశం ఇచ్చాను. నువ్వేమైనా రాస్తున్నావా తమ్ముడూ, అని మామూలుగా అడిగాను. నీ మాటలు పెట్టి రాశాను అక్కా అని ఉంటే, సరేలే అని మూడు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. అతను, ఏవో చిన్న చిన్నవి అక్కా, మీకు పంపేంతవి కావు, అన్నాడు. నాకు పంపేంతవి కావట. నా నోట్లోంచి వచ్చిన మాటలే నాకు పంపేంతవి కాకుండా పోయాయి. ఆ జవాబు చదివిన తర్వాతే నాలో కసి పుట్టింది.

తిప్పేష్‌కు చెప్పాను. అతను ఆటో తుడుస్తూ విని, నీ గొంతు నీ ఫోన్లోనే ఉంది కదా, అందరికీ వినిపించు, అన్నాడు. అది చాలదన్నాను. ఎవరో ఆడమనిషి ఏదో వాగింది, ఆయన దాన్ని చక్కగా రాశాడు, రాయడమే గొప్ప, అంటారు జనం. పైగా అక్కడికక్కడే నాకో చిన్న దండం పెట్టి తప్పించుకుంటాడు. అతను దొంగ అని తెలిస్తే సరిపోదు నాకు. మా నేల మీద, మా మనుషుల ముందు, నవ్వు ఆపుకోలేక జనం కళ్లు తుడుచుకుంటుంటే అతను మధ్యలో నిలబడాలి. నా మాటలు నావేనని ఆ తర్వాత చెబుతాను. ముందు నవ్వాలి.

అందుకని లేని సినిమా ఒకటి కుట్టాను.

దానికి 'ఆఖరి కాయ' అని పేరు పెట్టాను. కన్నడ సరిహద్దు పల్లెకు చెందిన గౌతమి అనే అమ్మాయి ఫోనుతో తీసిందని, ఏడుగురికి చూపించి లింకు తీసేసిందని చెప్పాను. ఒక ముసలమ్మ. ఆమె వేరుశనగ చేను మొత్తం ఎండిపోయి ఒక్క చెట్టు మిగులుతుంది. ఎండిన కాయలు ఆ చెట్టు కొమ్మలకు వేలాడుతూ, గాలి వీచినప్పుడల్లా గలగలమంటాయి. ముసలమ్మకు ఆ చప్పుడే తోడు. ఒకనాడు కొడవలి తీసుకుని ఒక్కొక్క కాయా కోసి ఒళ్లో వేసుకుంటుంది. ఇదంతా పద్నాలుగు నిమిషాలు గొంతు జీరబోయేలా చెప్పాను.

మా జిల్లాలో పాలు తాగే పిల్లను అడిగినా శనక్కాయ భూమిలో కాస్తుందని చెబుతుంది. చెట్టును పెరికి, మన్ను దులిపి, కాయలు వలుచుకుంటాం. కొడవలి పనే లేదు. మరీ ఇంత మోటు అబద్ధాన్ని నమ్ముతాడా అని నాకే భయమేసింది.

"నమ్ముతాడులే మే," అన్నాడు తిప్పేష్. "వాడు శెనక్కాయల్ని పొట్లంలోనే చూసినాడు. చేను యాడ చూసినాడు?"

మరుసటి పొద్దున జవాబు వచ్చింది. "చూశాను అక్కా. ఆ కాయల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది."

నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి. లింకు దొరక్క ఈ ఒక్కదానికి అబద్ధం ఆడాడు అనుకున్నాను. మిగతావాటికి లింకులు నేనే పంపాను కాబట్టి అవి చూసే ఉంటాడని నా నమ్మకం. ఆ రోజు ఇంకాస్త లోతుగా ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది.

తర్వాత ఎనిమిది నెలలూ అతనితో ఎప్పటిలాగే తియ్యగా మాట్లాడాను. పుస్తకం వచ్చింది. 'నూరుమంది చూసిన సినిమాలు' అని పేరు. నలభై ఒక్క వ్యాసాలు. చివరిది, అందరూ ఎక్కువగా మెచ్చుకున్నది, ఆఖరి కాయ. ముందు పేజీలో భార్యకు, ఎడిటరుకు, కాఫీ ఇచ్చిన హోటలు వాళ్లకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు కోసం అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. లేదు.

హేమలతమ్మకు పుస్తకం ఇచ్చి, మన జిల్లావాడు, చివర్లో మన శనక్కాయ మీదే రాశాడు, సారుతో చెప్పి మన ఊళ్లో పరిచయ సభ పెట్టిస్తే బాగుంటుందని అన్నాను. విజయభాస్కర్ సారుకు సభలంటే ప్రాణం. లైబ్రరీ పైన హాలు, ఆదివారం పొద్దున పది గంటలు అని ఖాయం చేశారు. చేలమీద రాసిన పుస్తకం కాబట్టి చేలోళ్లను కూడా పిలుద్దాం సార్, అని నేనే సలహా ఇచ్చాను. ఆయన ఎంతో ముచ్చటపడ్డాడు. తిప్పేష్ రెండు ట్రిప్పులు ఆటో తిప్పి చుట్టుపక్కల పల్లెల నుంచి ముప్పై మందిని దించాడు. ఉగ్గాని, బజ్జీ ఉంటుందని చెప్పి తీసుకొచ్చాడు. అందులో యాభై ఏళ్లుగా శనక్కాయ తప్ప ఇంకో పంట వేయని రంగన్న ఉన్నాడు. కూలికి చెట్లు పెరికి పెరికి వేళ్లు కాయలు కాచిన బయమ్మ ఉంది. వాళ్లకు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

విష్ణువర్ధన్‌ను నేను కళ్లతో చూడటం అదే మొదటిసారి. సన్నగా, చేనేత చొక్కాతో, చూడగానే మంచివాడు అనిపించేలా ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి వంగి కాళ్లకు దండం పెట్టాడు. ఈ అక్క నాకు సొంత తోబుట్టువు లాంటిది అని సారుకు చెప్పాడు. నేను ఏమీ అననని అంత ధీమా. నేను కూడా నవ్వి, బాగా మాట్లాడు తమ్ముడూ, అన్నాను.

బాగానే మాట్లాడాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. నా మాటలు నాకంటే బాగా పలికాడు. చంక పట్టేసిన సినిమా అనగానే ముందు వరసలోని సార్లు తలలు ఊపారు. చివరికి ఆఖరి కాయ దగ్గరికి వచ్చాడు. కళ్లు మూసుకుని, మన సీమ గుండె చప్పుడు ఎవరైనా విన్నారా, నేను విన్నాను, చెట్టు కొమ్మలకు వేలాడే వేరుశనగ కాయలు గాలికి గలగలమంటుంటే విన్నాను, అన్నాడు. వెనక వరసల్లో ఎవరో దగ్గారు. ముసలమ్మ కొడవలితో ఒక్కో కాయా కోసింది అన్నప్పుడు రంగన్న లేచి నిలబడ్డాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"ఏమప్పా, ఆ శెనక్కాయలు యాడ కాసినాయంటివి?"

"కొమ్మలకు పెద్దాయనా. చెట్టు కొమ్మలకు."

"మా తాత కాలం నుంచి మేము మంట్లో వెతుకుతాండామే," అన్నాడు రంగన్న. "అనవసరంగా నడుములు ఇరగ్గొట్టుకున్యామే."

హాలంతా గొల్లుమంది. బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్లంతా చల్లబడినట్టయింది. ఆ నవ్వు కోసం ఎనిమిది నెలలు పస్తున్నట్టే ఉన్నాను.

కానీ అతను గట్టివాడు. మొహం ఎర్రబడింది గానీ మైకు వదల్లేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, తానూ నవ్వి, మీరు నవ్వాలనే ఆ దర్శకురాలు అలా తీసింది, అన్నాడు. అది ముసలమ్మ కనే కల. భూమిలో ఏమీ మిగలనప్పుడు కాయలు ఆకాశానికి కాస్తాయి. దాన్ని మాయా వాస్తవికత అంటారు. విజయభాస్కర్ సారు ఆహా అన్నాడు. ముందు వరస చప్పట్లు కొట్టింది. వెనక వరసల వాళ్లు కూడా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, కల అంటే సరే కదా అనుకున్నారు. రంగన్న, కలైతే ఏమన్నా కాస్తాదిలే, అని కూర్చున్నాడు.

నేను లేచాను. ఆ సినిమా లేనే లేదని చెప్పాను. నేనే అల్లి అతనికి చెప్పానన్నాను.

విష్ణువర్ధన్ నా వైపు ఎంతో జాలిగా చూశాడు. "అక్కకు ఆ లింకు దొరికి ఉండదు సార్. నేను చూశాను," అన్నాడు.

సారు నన్ను కూర్చోమని చెయ్యి చూపించాడు. ప్రశ్నలకు తర్వాత సమయం ఉందన్నాడు. నా చేతిలో ఫోను ఉంది. అందులో నా గొంతు ఉంది. కానీ ఆ గొంతు ఏం చెబుతుంది? ఆఖరి కాయ అనే అద్భుతమైన సినిమా చూశాను తమ్ముడూ, అని చెబుతుంది. నేను తవ్విన గోతిలో నేనే పడినట్టవుతుంది. అరవై మంది నన్ను చూస్తున్నారు. హేమలతమ్మ సిగ్గుతో తల దించుకుంది. ఇంకో నిమిషంలో నేను ఒక చదువుకున్నవాడి మీద ఏడ్చే దర్జీదానిగా మిగిలిపోయేదాన్ని.

ఏం చేయాలో తోచక ఊరికే పుస్తకం తిప్పాను. నలభై మూడో పేజీ. తూకం ఆవిడ సినిమా. కొండ ఊరి బస్టాండులో బరువు తూచే మిషన్ పెట్టుకుని కూర్చునే ఒక ఆడమనిషి మీద తీసిన డాక్యుమెంటరీ. రోజంతా వచ్చేపోయేవాళ్లను తూస్తుంది. లావైనావు, చిక్కినావు, అని అందరికీ చెబుతుంది. ఆ వ్యాసం చదువుతుంటే, అతనికి పంపిన మెసేజ్‌లో నేను ఆపిన చోటే అది ఆగింది. పేజీలు గబగబా తిప్పాను. దయ్యం సినిమా నేను ఆపిన చోటే ఆగింది. మేక కథా అంతే. ఇంకొకరు చూడబోయే సినిమాకు ముగింపు చెప్పడం నాకు చేతకాదు. మూడేళ్లలో ఒక్కదానికీ చెప్పలేదు. పుస్తకం మొత్తం మీద ఒక్క సినిమా కూడా పూర్తి కాలేదు. దాన్ని కూడా ముగింపు దాచిపెట్టే సంస్కారం అని వెనక అట్ట మీద ఎవరో పొగిడారు.

పుస్తకం పట్టుకుని నేరుగా వేదిక మీదికి నడిచాను. తిప్పేష్ వెనక నుంచి ఏదో అన్నాడు గానీ వినిపించుకోలేదు.

"సార్, ఒకే ఒక ప్రశ్న," అన్నాను మైకులో. "నలభై మూడో పేజీలో తూకం ఆయమ్మ ఉండాది. ఆ సినిమా నేనూ చూసినా, ఈయప్పా చూసినాడు. కడాకు ఆయమ్మ ఏం చేసిందో చెప్పమనండి. అది చెప్తే, లేని సినిమా ఉండాదని నేనే ఒప్పుకుని, ఆయప్ప కాళ్లు మొక్కి పోతా."

ముగింపు చెప్పేస్తే చూడబోయేవాళ్ల ఆనందం పోతుందని అతను సారుతో అన్నాడు. గొంతు మాత్రం ఇందాకటి గొంతు కాదు.

"ఎవురికీ చెప్పద్దు," అన్నాను. "నా చెవిలో చెప్పు. నేను చూసినదాన్నే గదా."

అది న్యాయమే అన్నాడు సారు. ఉగ్గాని పొట్లాలు విప్పుతున్నవాళ్లు కూడా చేతులు ఆపారు. విష్ణువర్ధన్ నా పక్కకు వచ్చి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, చెవి దగ్గర వంగాడు.

"ఒక్కటి కూడా చూడలేదు అక్కా," అన్నాడు. "మీరు చెబుతుంటే చూసినట్టే ఉండేది. మళ్లీ ఎందుకు చూడాలి అనిపించేది. ఇక్కడితో వదిలెయ్యండి."

అరవై మంది నా నోటి కోసం చూస్తున్నారు. అవునంటే అతను బతికిపోతాడు. కాదంటే ఏదో తప్పు చెప్పాడని అనుకుంటారు, అంతే. ఆ రెండూ నాకు వద్దనిపించింది. అతని చేతిని మైకు మీద నుంచి తీసేశాను.

"ఈయప్ప చెప్పింది మీకు ఇనపళ్లేదు," అన్నాను. "ఈ పుస్తకంలో ఉండే సినిమాలు ఒక్కటంటే ఒక్కటి కూడా చూల్లేదంట. నేను చెప్తే చూసినట్టే ఉన్యిందంట."

ఈసారి నవ్వు ముందు వరస నుంచి కూడా వచ్చింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ పుస్తకం వైపు చూడకుండా కూర్చున్నాడు. రంగన్న పక్కనున్నవాడి తొడ మీద చరిచి మరీ నవ్వాడు. నేను కోరుకున్న నవ్వే, కోరుకున్నంత నవ్వు. అది చెవుల్లో పడుతుండగానే నాకు తూకం ఆవిడ సినిమా చూసిన మధ్యాహ్నం గుర్తొచ్చింది. ముగింపు చూసి మిషన్ మీద తలపెట్టి ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో తిప్పేష్‌కు కూడా చెప్పలేకపోయాను. చివరిదాకా చూడు తమ్ముడూ, అని మాత్రం అతనికి పంపాను. మరుసటి రోజు, చూశాను అక్కా, నాకూ ఏడుపొచ్చింది, అని రాశాడు. లోకంలో ఇంకొక మనిషి నాలాగే ఏడ్చాడని ఆ రోజంతా ఎంత ఉషారుగా తిరిగానో. చేతికొచ్చిన జాకెట్లన్నీ సాయంత్రంలోపు కుట్టేశాను. అతను ఎత్తుకుపోయిన మాటలన్నిటికంటే ఆ ఒక్క అబద్ధం నన్ను ఎక్కువగా కాల్చింది. మూడేళ్లు ఇద్దరం చూస్తున్నామనుకున్నాను. నేను ఒక్కదాన్నే చూశాను.

నవ్వు తగ్గింది. బయమ్మ లేచి నిలబడి, "అయితే కడాకు ఏమాయె మ్మా, ఆ తూకమాయమ్మ?" అని అడిగింది.

విష్ణువర్ధన్ సంచీ తీసుకుని మెట్లు దిగబోతున్నాడు.

"యాడికి పోతావు? కూచో," అన్నాను. "నువ్వూ చూల్లేదు గదా. ఇనిపో."

ఎవరూ అడ్డుపడలేదు. అతను ఆ కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సాయంత్రం ఆవిడ తూకం మిషన్ మూటగట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి బయలుదేరుతుంది. ఇరవై రెండేళ్లుగా అందరినీ తూచింది గానీ ఆవిడ ఎప్పుడూ దాని మీద ఎక్కలేదు. దారిలో ఎవరూ లేని చోట మిషన్ దించుతుంది. చెప్పులు విడుస్తుంది. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని దాని మీద ఎక్కి నిలబడుతుంది. సినిమా అక్కడ అయిపోతుంది.

"ఎంత తూగిందంట?" అంది బయమ్మ.

"ముల్లు చూపీలేదు. ఆయమ్మ మొగం చూపించినారు," అన్నాను.

బయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. పక్కకు చూస్తే విష్ణువర్ధన్ ఏడుస్తున్నాడు. సిగ్గుకు ఏడ్చాడో, ఆవిడ కోసం ఏడ్చాడో అడగలేదు. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. ఆ ఏడుపు మూడేళ్ల కిందట నాకు అందాల్సింది, అంతే.